ఆరుగురు పట్టే జీపు

జనవరి ఇరవై ఆరున పెనుకొండలో అక్క చేసిన ఓళిగలు నేతితో తింటూ అశ్వత్థనారాయణ ఆ మాట ఇచ్చాడు. ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ నేపాల్ పోతున్నామని, ముక్తినాథ్‌కు అక్కను వదిలి వెళ్లేది లేదని. లక్ష్మీదేవి అతని విస్తరిలో ఇంకో ఓళిగ వేసింది. వారం తిరక్కుండానే టికెట్టు కోసం తన ఓటరు కార్డు నకలు హిందూపురానికి పంపింది. భర్త పోయాక ఆమె తమ్ముణ్ని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగింది ఆ ఒక్క యాత్రే.

ఇప్పుడు ఏప్రిల్. రైలు మంగళవారం. ఆదివారం సాయంత్రం అక్క ఇంటికి తాళం ఉండటంతో ఎదురింటి ఎస్తేరమ్మ వసారాలో కూర్చున్న అశ్వత్థనారాయణకు, ఆ ఓళిగ ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది. అక్కకు టికెట్టు తీయలేదు. రెండు నెలలుగా రేపు మాపు అంటూ దాటేసిన ఆ సంగతి చెప్పడానికే వచ్చాడు.

"వస్తాదిలేన్నా, ఈ పక్కకే పోయిండాది," అంది ఎస్తేరమ్మ కుట్టుమిషను తొక్కుతూ. అతను కాళ్లు చాపుకోబోతే మాత్రం గబుక్కున లేచి, అక్కడున్న నీలి సంచీని తీసి మంచం మీద పెట్టింది. "దీనికి కాలు తగలనీయొద్దన్నా."

గిరాకీవాళ్లకు కుట్టిన బట్టలేమో అనుకున్నాడు.

అంతలో లక్ష్మీదేవి వచ్చింది. చెమటతో ముఖమంతా తడిసి ఉంది, కాళ్లకు కాన్వాస్ బూట్లు. అరవై దాటిన అక్కను బూట్లలో చూడటం అతనికి అదే మొదలు. అతని చూపు పసిగట్టి ఆమె చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

ఇంట్లోకి తీసుకుపోయి మజ్జిగ చేతికిస్తూ ఆమె అడిగిన మొదటి మాట ప్రయాణం గురించే.

"మంగళవారం కదప్పా పయనం. ప్రస్థానం పెట్టినారా?"

"పొద్దున్నే పెట్టెలన్నీ పక్కింటి నాగరాజు ఇంట్లో పెట్టించింది కళావతి."

మంచిది కాని రోజున బయల్దేరక తప్పకపోతే, ముందుగానే మంచి గడియ చూసి సామాను ఇంకొకరి ఇంట ఉంచడం వాళ్లింటి ఆచారం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క.

"మంచి పని చేసింది నీ పెండ్లాము. గడప దాటిన పెట్టె పయనం కాకుండా మళ్లా ఇంట్లోకి రాకూడదు," అంది అక్క.

ఇక చెప్పేయాలి అనుకున్నాడు. నోరు రాక, ప్రయాణం వివరాలు ఎత్తుకున్నాడు. ఏర్పాట్లన్నీ అతనివే, కళ్లు మూసుకుని చెప్పగలడు. రైల్లో గోరఖ్‌పూర్. అక్కణ్నుంచి వ్యానులో సరిహద్దు. సరిహద్దు మాత్రం సామాను లాక్కుంటూ నడిచే దాటాలి. అవతల చిన్న బస్సులో పోఖరా, పోఖరా నుంచి కొండ మీదికి జీపు. తిరుగు ప్రయాణంలో ఖాట్మండు చూసుకుని, విమానంలో బెంగుళూరు. అక్క చెంప కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. నడిచి ఇంకో దేశంలోకి పోవచ్చునా అని ఆశ్చర్యపోయింది. విమానం కిటికీలోంచి మంచుకొండలు కనిపిస్తాయా అని అడిగింది. కనిపిస్తాయన్నాడు, తల వంచుకుని.

"హిందూపురంలో మేము నలుగురం ఎక్కుతాము. ధర్మవరంలో కార్తీక్ అత్తామామా ఎక్కుతారు. పోఖరాలో జీపు మాట్లాడినా. గట్టి బండి, ఆరుగురు పడతారు."

అనేశాక గానీ తెలియలేదు. హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైలు పెనుకొండ మీదుగానే పోవాలి. అతని మాట మాత్రం పెనుకొండను దాటేసి పోయింది.

కొడుకు అత్తమామలు మేమూ వస్తామంటే వియ్యంకులను కాదనలేకపోయాడు. ఒక్కరి కోసం ఇంకో జీపు ఎందుకని కళావతి అంటే, ఆ మాటనూ కాదనలేదు. తప్పు వియ్యంకులదీ కాదు, కళావతిదీ కాదని అతనికి తెలుసు.

లక్ష్మీదేవి ఖాళీ గ్లాసు అందుకుంది. లేవబోతూ మోకాలు పట్టుకుని ఆగింది.

"ఆ గుడికాడ మెట్లుండాయా?"

"ఉండాయక్కా."

"అయితే నా వల్ల కాదప్పా. మోకాళ్లు పట్టేసినాయి. చూసినావు కదా, డాక్టరు ఈ బూట్లు తగిలిచ్చినాడు. నేనే చెబుదామనుకుంటి, నువ్వు నొచ్చుకుంటావని గమ్మునుంటి."

అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. భారం దిగిపోయింది. దిగిపోయినందుకు మళ్లీ సిగ్గేసింది. ఆ సిగ్గులో ఒక అబద్ధం కూడా ఆడాడు.

"నీ చోటు ఉంచినాను కదక్కా."

ఆమె అతన్ని కాసేపు చూసింది.

"ఉంచకుండా ఉంటావా. దాంట్లో సామాను పెట్టుకోండి, కాళ్లు చాపుకునేదానికి వీలవుతాది."

పంపేటప్పుడు ఎండబెట్టిన ఉసిరి ముక్కల డబ్బా ఇచ్చింది. కొండదారిలో కడుపులో తిప్పితే బుగ్గన పెట్టుకోమంది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వీధి దాకా వచ్చింది. పాపం, ఎంత నొప్పో అనుకున్నాడు అశ్వత్థనారాయణ. దేవుడే తన పరువు నిలిపాడనీ అనుకున్నాడు.

ఆటోస్టాండు చేరాక చూసుకుంటే చేతిలో డబ్బా లేదు. అరుగు మీదే మరిచాడు. వెనక్కి వచ్చేసరికి మసక చీకటి పడింది, వీధి దీపాలు ఇంకా వెలగలేదు.

సందు మలుపులో ఆగిపోయాడు. ఎస్తేరమ్మ వసారా మెట్లు అక్క చకచకా దిగుతోంది. మధ్యలో ఉన్న మురుగుకాలవను ఒక్క అంగలో దాటింది. చేతిలో ఏదో బరువు. తన గడప ముందు మాత్రం ఒక్క క్షణం తటపటాయించి, లోపలికి పోయి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

ఆమె చేతిలో ఉన్నది ఆ నీలి సంచీ.