ఫ్రేముకు అడ్డం వచ్చిన మనిషి

ఆ పొద్దున ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేక మడుగు మీదికి వంగి నిలబడింది.

గట్టున స్టూడియో ఆయన మూడుకాళ్ళ స్టాండు పాతి, దానిమీద ఆరు వందల మిల్లీమీటర్ల టెలీ లెన్సు ఎక్కించుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని బల్లమీద కూర్చోబెట్టి, రెప్ప వేయొద్దని బతిమాలి ఫొటోలు తీసినవాడు. చెప్పిన మాట వినని ప్రాణిని తీయడం ఇదే మొదలు.

ఇదంతా తల్లి కోసం.

ఆమె ఈ మడుగు పక్కనే పుట్టి పెరిగింది. ఇప్పుడు ఆమె చూపు జానెడు దూరం దాటదు. ఆ జానెడూ ఏడాది తిరిగేసరికి ఉండదని కంటి డాక్టరు చెప్పేశాడు. ఈలోగా బూడిదరంగు కొంగను, దాని తల వెనక జారే నల్ల ఈకతో సహా, మరొక్కసారి చూడాలని ఆమె కోరిక. ముఖానికి ఆనించుకుని చూసినా ఈక ఈకా విడివిడిగా కనిపించాలి.

అందుకే అంత లెన్సు.

ఎగిరే పిట్టలకైతే చేత్తో పట్టుకునే చిన్నది చాలని, నిలబడ్డ కొంగకు ఇదే సరైనదని షాపతను చెప్పాడు. దీని చూపు మాత్రం ఇరుకు, రెండో కన్ను కూడా తెరిచి ఉంచుకోమన్నాడు. స్టూడియో ఆయనకు ఒంటికన్ను అలవాటు.

అప్పటికి మూడు రోజులు గడిచాయి. కొంగ రోజూ వస్తోంది, ఫొటో రోజూ చెడుతోంది. మోకాలి లోతు నీళ్ళలో తుంగ కోసే ఒక ముసలాయన ఎప్పుడూ దానికి దగ్గర్లోనే. లెన్సులో కొంగ కుదురుకునేలోపే ఆయన మోచెయ్యో కొడవలో అడ్డం వస్తుంది. ఆయన అడుగు వేస్తాడు, కొంగ జరుగుతుంది. నీళ్ళు కలకబారతాయి. వెలుతురు చాలక కొంగ కాస్తా బూడిద మరకై కూర్చుంటుంది.

నాలుగో రోజు ఉండబట్టలేక పిలిచాడు.

“పెద్దాయనా, కాస్త ఇటు వస్తారా?”

ముసలాయన కొడవలి చంకలో పెట్టుకుని వచ్చాడు. లెన్సును ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశాడు. ఇందులోంచి ఎంత దూరం కనిపిస్తుందని అడిగాడు. అవతలి గట్టున చీమ నడిచినా తెలుస్తుందన్నాడు స్టూడియో ఆయన, కొంచెం గొప్పగానే.

“అయితే ఒకటి చెప్పండి బాబూ. నేను లేకపోయినా ఆ కొంగ తింటుందంటారా?”

స్టూడియో ఆయన లెన్సు మీంచి కన్ను తీయలేదు.

“మీరు లేకపోతేనే శుభ్రంగా తింటుంది. మీరు అడుగేసినప్పుడల్లా బెదిరి జరుగుతోంది. మూడు రోజులుగా చూస్తున్నాగా.”

“నిజంగా చూశారా?”

“ఇంత లెన్సు పెట్టుకుని అబద్ధం చెబుతానా?”

ముసలాయన చాలాసేపు కొంగవైపు చూశాడు. ముఖంలో కోపం లేదు. నెత్తిమీది మూట దించుకున్నవాడిలా నడుం నిలబెట్టుకున్నాడు.

“మంచి మాట చెప్పారు,” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన రాలేదు. కొంగ వచ్చింది, ఎండా వచ్చింది. తేటపడిన నీళ్ళలో ముక్కు కూడా ముంచకుండా, మెడ ఎత్తి గట్టువైపు చూస్తూ పూటంతా నిలబడింది. బల్లమీద కూర్చున్న మనిషైనా అంత బుద్ధిగా ఉండడు. నల్ల ఈక, పచ్చటి కన్ను, కంట్లో గట్టు నీడ, అన్నీ పడ్డాయి.

ఇంటికెళ్ళి తలుపంత ఫొటో అచ్చువేయించాడు. తల్లి దాన్ని ముఖానికి ఆనించుకుని మెడ వెంబడి మెల్లగా చూపు పాకించుకుంటూ వెళ్ళింది. కన్ను దగ్గర ఆగింది.

“బాగుందా అమ్మా?”

“బాగుంది నాన్నా. ఎవరికోసంరా ఇంతలా ఎదురు చూస్తోందిది?”

అతను నవ్వేశాడు. కానీ ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది.

వారం తర్వాత, ముసలాయనకూ ఒక ఫొటో ఇద్దామని మడుగుకు వెళ్ళాడు. కొంగ లేదు. ముసలాయనా లేడు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇల్లు పట్టుకున్నాడు. ఆయన చెల్లెలు కంచం ముందు కూర్చోబోతోంది. వేళకు వచ్చినవాణ్ణి నిలబెట్టి మాట్లాడకూడదని రెండో కంచం తీసింది.

అన్నయ్య కూతురింటికి వెళ్ళిపోయాడని చెప్పింది. గుండె బాగాలేదు, నీళ్ళలో దిగొద్దు, వచ్చెయ్యమని ఆ పిల్ల రెండేళ్ళుగా పోరుతోందట. కదిలేవాడు కాదట. మొన్నెవరో కెమెరా ఆయన చూసి చెప్పాడని, ఇక దిగుల్లేదని, ఆ సాయంత్రమే బస్సెక్కాడట.

“మరి ఆ కొంగ?”

“అయిదు రోజులు అన్నయ్య దిగే చోటే నిలబడింది. ఆరో రోజు తుంగలో పడి ఉంది.”

ఆమె వడ్డిస్తూనే చెప్పింది.

“దాని కుడికాలికి వేళ్ళు లేవు బాబూ. వలలో తెగిపోయాయి. చేప వెంట పడలేకపోయేది. అన్నయ్య ముందు నడుస్తూ బురద లేపితే, బెదిరి పైకొచ్చిన చేపల్ని వెనకాలే ఏరుకు తినేది.”

నీళ్ళ కింది కాలు ఏ లెన్సుకు కనిపిస్తుంది? స్టూడియో ఆయన ఫొటో చుట్టను ఒళ్ళో దాచుకున్నాడు.

“అన్నయ్య ఫోన్‌లో మొదట అడిగేది అదే, తింటోందా అని. తింటోందనే చెబుతున్నాను. తినండి, చల్లారిపోతుంది.”

చూరు దాకా పేర్చి ఉన్న తుంగ కట్టల పక్కన ఇద్దరూ తిన్నారు. ఊరికే నీళ్ళలో తిరిగితే జనం నవ్వుతారని ఆ మనిషి ఏడేళ్ళపాటు కోసుకొచ్చిన తుంగ అది, ఒక్క కట్టా అమ్మింది లేదు.