మొక్కు పుంజు కన్ను

"ఒలే ఈశ్వరీ, బేగి రాయే. పుంజు కన్ను పోనాదే."

జగన్నాధం కేకకి ఈశ్వరి పేడ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. గంప కింద ఎర్రటి డేగ పుంజు ఒంటికన్నుతో చూస్తోంది. రెండో కన్ను ఉబ్బిపోయి, రెప్పలు అంటుకుపోయి, మూల నుంచి చీము కారుతోంది. దురద కాబోలు, మాటిమాటికీ ఆ కంటిని రెక్కకేసి రుద్దుకుంటోంది.

మామూలు పుంజైతే సాయంత్రానికి కూరైపోయేది, గొడవ వదిలేది. ఇది ఊరి దేవత అసిరితల్లి పుంజు. నిరుడు ఈశ్వరి కడుపులో గడ్డ తీస్తున్నప్పుడు, జగన్నాధం ఆపరేషన్ గది బయట నిలబడి "తల్లీ, దీన్ని ఇంటికి పంపు, నీకు పుంజునిస్తాను" అని మొక్కుకున్నాడు. ఈశ్వరి ఇంటికొచ్చింది. అమ్మవారి జాతర సంబరం వచ్చే నెలే. అవిటి కోడిని అమ్మ ముట్టదు. మొక్కు తప్పితే ఇచ్చిన ప్రాణాన్ని వెనక్కి అడుగుతుందని అతని భయం. ఆ ప్రాణమేమో ఎదురుగా నిలబడి తీరుబడిగా పేడ చేతులు కడుక్కుంటోంది.

"ఇంకో పుంజుని ఇచ్చీలేవేటి మావా?"

"అమ్మ పేరు సెప్పి కాలికి పసుపుతాడు కట్టినాం దీనికి. మార్సితే అమ్మకి తెల్దేటి?"

పక్కింటి జోగయ్య గోడ మీంచి తొంగిచూశాడు. "ఉల్లిరసం పిండండర్రా, ఎంటనే ఇడిపోతాది."

"ముందు నీ కంట్లో పిండుకో బావా. ఎలగున్నాదో సెబితే, అప్పుడు దీనికి పిండతాను" అంది ఈశ్వరి. జోగయ్య తల గోడ వెనక్కి వెళ్ళిపోయింది.

జగన్నాధం పుంజుని సంచిలో పెట్టుకుని, తల మాత్రం బయటికి ఉంచి, బండి మీద గరివిడి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పశువుల డాక్టరమ్మ రెప్ప ఎత్తి చూసింది.

"ఒక కన్నేనా, రెండూనా?"

"ఒకటేనమ్మా."

"తుమ్ముతోందా? ముక్కు కారుతోందా? మిగతా కోళ్ళెలా ఉన్నాయి?"

"అయి బాగానే ఉన్నాయమ్మా. ఇది తుమ్మదు, దగ్గదు."

"అయితే పొట్టో దుమ్మో పడి చీము పట్టింది. ముక్కు కూడా కారితే అన్నిటికీ అంటుకునే జబ్బేమోనని భయపడేదాన్ని. అయినా కొన్నాళ్ళు వేరుగా ఉంచు. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, దూదితో రెప్పలు నాననిచ్చి మెల్లగా తుడవాలి. గిల్లకూడదు. తర్వాత ఈ ట్యూబు మందు, పొద్దునా సాయంత్రం. గూట్లో పాత ఊక తీసి పారెయ్."

"సంబరానికి కన్ను తెరుస్తాదా అమ్మా?"

"తెరవచ్చు. మందు ఆపాక వారం దాకా మాత్రం కొయ్యకండి."

ఆ రోజు నుంచి జగన్నాధానికి కుదురు లేదు. పొలానికని బయలుదేరి సగం దారిలో వెనక్కొచ్చేవాడు. అన్నం కలిపి, తినకుండా గంప దగ్గరికి లేచి వెళ్ళేవాడు. వైద్యమంతా ఈశ్వరిదే. అతన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. నువ్వు కంగారు మనిషివి, ఉన్న కన్ను కూడా పొడుస్తావంది.

"కన్ను తుడవమంటే నెత్తి మీంచి నీల్లు పోస్తన్నావేటే?" అని ఒకసారి అడిగాడు.

"కన్ను నెత్తికే కదా ఉన్నాది. నువ్వు పొలానికెల్లు మావా."

వాపు తగ్గింది. రెప్పలు విడాయి. ఒక ఉదయం పుంజు రెండు కళ్ళతో అతన్ని ఎగాదిగా చూసి, మెడ సాచి కూసింది. జగన్నాధం అక్కడే కూలబడి, ఊరి గుడి వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ వారమంతా కడుపునిండా తిన్నాడు.

సంబరం నాడు డప్పులు మోగుతున్నాయి. పూజారి నూకయ్య పుంజుని తిప్పితిప్పి చూసి, ఏ వంకా లేదన్నాడు. బొట్టు పెట్టి, నెత్తిన చెంబెడు పసుపునీళ్ళు పోశాడు. నీళ్ళు పడగానే పుంజు తల విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే కత్తి.

పుంజు కదల్లేదు.

నూకయ్య మళ్ళీ పోశాడు. జుట్టు మీంచి నీళ్ళు కారుతుంటే పుంజు బొమ్మలా నిలబడింది. డప్పులు ఆగిపోయాయి. మూడో చెంబు పోశారు. అప్పుడూ అంతే.

జగన్నాధం మట్టిలో సాగిలపడ్డాడు. "తల్లీ, ఏ తప్పు జరిగినా నన్ను కొట్టు. ఈశ్వరిని ఏటీ సెయ్యకు, ఒగ్గీ."

"అమ్మ ఒద్దంతన్నాది జగన్నాధం. తీసుకెల్లిపో. ఇంక దీన్ని ఎవులూ కొయ్యకూడదు" అన్నాడు నూకయ్య.

ఇంటి దారిలో జగన్నాధం పుంజుని చంకలో పెట్టుకుని రెండడుగులు వేస్తే ఒకసారి ఈశ్వరి మొహం చూస్తున్నాడు. నుదురు ముట్టి చూశాడు. కడుపులో నొప్పేమైనా ఉందా అని అడిగాడు. చివరికి దారి మధ్యలో నిలబడిపోయి ఏడ్చేశాడు.

"అమ్మకి కోపమొచ్చిందే. నీకేటైనా అయితే నానేటి సెయ్యాలే?"

ఈశ్వరి వెనకా ముందూ చూసింది. వినేవాళ్ళెవరూ లేరు. కొంగుతో అతని మొహం తుడిచి, పుంజుని తన చేతుల్లోకి తీసుకుంది.

"నాకేటీ అవదు మావా, ఊరుకో. దీని కన్ను బతికించిన సేత్తో దీని మెడ అప్పగించడం నా వల్ల కాలేదు. అందుకని రోజూ నెత్తిన నీల్లు పోసి, తల ఇదిలిస్తే గింజ ఎయ్యలేదు, ఇదిలించకపోతే గుప్పెడు నూకలేసినాను."