జహియ్యా పూసిన గోడ

"ఆ గోడ మీద ఉలి పెట్టావంటే నీ చెయ్యి విరుస్తాను," అన్నాడు అబూ గాలిబ్.

మేస్త్రీ మిల్హిమ్ ఉలి దించాడు. గోడలకి చలి ఆపే థర్మోకోల్ పలకలు గుమ్మం దగ్గర పేర్చి ఉన్నాయి. దేవదారు కొండ మీద అప్పటికే మంచు పడింది. నాలుగు రోజులు పోతే ఊళ్ళోకి దిగుతుంది.

"మూడు గోడలకి పలకలు కొట్టించుకుని ఈ ఒక్కటి వదిలేస్తావా బాబాయ్? కోటు తొడుక్కుని మంచులో ఉత్త కాళ్ళతో నడిచినట్టుంటుంది. నేల చెమ్మ మోకాలి దాకా ఎక్కింది. గీకెయ్యాల్సిందే. బేరూత్‌లో అందరూ ఇవే కొట్టించుకుంటున్నారు."

"బేరూత్‌లో మంచు పడుతుందా?"

మిల్హిమ్ నవ్వాడు. మేస్త్రీని పిలిపించింది కూతురు నజ్లా. తండ్రి మంచం ఆ గోడ పక్కనే ఉంటుంది. ఈ చెమ్మకి ఉన్ని పరుపు అంచు తడిసి బూజు పట్టింది. తండ్రికి దగ్గు పట్టుకుంది.

"అది మీ అమ్మ చేత్తో పూసింది," అన్నాడు కూతురితో.

"తెలుసు నాన్నా. అమ్మ పోయింది. నీ ఊపిరితిత్తులు ఇంకా ఉన్నాయి."

సున్నం, సన్నగా తరిగిన గోధుమ గడ్డి, మేక వెంట్రుకలు. ఏళ్ళ కిందట అతని భార్య జహియ్యా అవన్నీ వాకిట్లో పోసి కాళ్ళతో తొక్కింది. తాపీ ముట్టుకోలేదు. అంతా అరచేత్తోనే. అతను నీళ్ళు మోశాడు. "తగ్గించు, గోడకి పూత పూస్తున్నామా, చారు కాస్తున్నామా," అని కసిరింది. ఆరాక ఏటి గులకరాయితో నునుపు చేసింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే ఆమె అరచెయ్యి తిరిగిన వంపులు ఇప్పటికీ కనబడతాయి.

ఆ చలికాలం మిగతా గోడలు చెమర్చాయి. ఇది మాత్రం వీపు ఆనిస్తే వెచ్చగా తగిలింది. ఇద్దరూ దానికి ఆనుకుని కూచుని చెస్ట్‌నట్లు కాల్చుకు తిన్నారు. పొయ్యి మీద వేసిన నారింజ తొక్కల వాసన ఇల్లంతా నిండేది. అబూ గాలిబ్ అంగట్లో కనబడిన ప్రతివాడినీ పిలిచాడు, "రండి, మా ఆవిడ గోడకి వీపు ఆనించి చూడండి," అని. వాళ్ళు వచ్చి మెచ్చుకుంటుంటే జహియ్యా తల వంచుకుని వంటింట్లోకి పోయేది. సిగ్గు అనుకున్నాడు.

"ఇన్నేళ్ళు రాని చెమ్మ ఈ ఏడే ఎందుకొచ్చింది?" అన్నాడు మేస్త్రీతో.

"ముసలితనం బాబాయ్. గోడలకీ వస్తుంది."

"కాదు. అటునుంచి పక్కింటావిడ నీళ్ళు పోస్తోంది."

"మళ్ళీ మొదలెట్టాడు," అంది నజ్లా.

గోడకి అవతల ఉమ్ కమాల్ ఇల్లు. ఒకప్పుడు అబూ గాలిబ్ కట్టెల మోపు ఉండాల్సిన దానికన్నా తొందరగా తరిగిపోయేది. ఓ రోజు తన గొడ్డలి గాట్లున్న ఓక్ కట్టెలు ఆమె వాకిట్లో చూశాడు. నలుగురిలో దొంగ అన్నాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. ఇంటికొస్తే జహియ్యా ఏడ్చింది, ఇరుగుపొరుగుతో గొడవెందుకని. ఆ తర్వాత కట్టెలు అలా తరగలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలనుకున్నాడు. అప్పటినుంచి రెండిళ్ళకీ మాటల్లేవు.

దొంగతనం మానినా ఆమె పొగ మానలేదు. ప్రతి చలికాలం అవతలి ఖాళీ గదిలో ఇనప పొయ్యి రాజేసేది. పొగంతా ఇతని వాకిట్లో ఆరేసిన బట్టల మీద పడేది. జహియ్యా పోయాక కూడా ఆగలేదు. మొన్న వేసవిలో ఊరి పెద్ద దగ్గర పోరి పోరి ఆ పొయ్యి, గొట్టం పీకించాడు. అందుకే ఈ కక్ష.

కర్ర అందుకున్నాడు. "నువ్వూ రా. సాక్షివి," అన్నాడు మిల్హిమ్‌తో. వెనకే నజ్లా నడిచింది.

ఉమ్ కమాల్ ఎందుకొచ్చారని అడగలేదు. ఆ గది తలుపు తీసి పక్కకి తప్పుకుంది.

లోపల కుండ లేదు, కుళాయి లేదు. నేల పొడిబారి ఉంది. గోడ పక్కన పొయ్యి ఉన్నచోట నల్లటి మచ్చ. గొట్టం పోయిన కన్నంలో గుడ్డలు కుక్కి ఉన్నాయి. మిల్హిమ్ గోడ తడిమి చూశాడు.

"ఇటు కూడా చెమ్మే బాబాయ్. నీళ్ళు పోసిన జాడ లేదు. పునాదిలోంచే ఎక్కుతోంది." ఆమె వైపు తిరిగాడు. "ఈ గదిలో ఎవరుంటారు పిన్నీ?"

"ఎవరూ ఉండరు."

"మరి పొయ్యెందుకు?"

ఉమ్ కమాల్ మేస్త్రీని చూడలేదు. అబూ గాలిబ్‌ని చూసింది.

"మీ ఆవిడ పూత మొదటి వానకే చెమ్మ పట్టింది. అప్పటికే నువ్వు ఊరంతా చాటావు. నీకు చెప్పలేకపోయింది. ఇటునుంచి గోడకి సెగ పెట్టమని నన్ను బతిమాలింది."

అబూ గాలిబ్ కర్ర మీద బరువు మోపాడు. "మరి నా కట్టెలు?"

"నువ్వు తోటకి పోయాక ఆమే చంకన పెట్టుకుని తెచ్చేది. నీ గోడకే నీ కట్టెలు."

"దొంగన్నప్పుడు నోరెత్తలేదేం?"

"చెప్పనని మాటిచ్చాను."

నజ్లా తండ్రి మోచెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు. ఉమ్ కమాల్ గొళ్ళెం మీద చెయ్యి వేసి, వాళ్ళు గడప దాటేదాకా ఆగింది.

"నువ్వు దొంగన్న మర్నాటి నుంచి కాల్చినవి మాత్రం నా కట్టెలు," అంది.