పడవ లేదన్న ఓడ

ఓడలు వాటంతటవే నడుస్తున్న కాలమది. విశాఖ రేవులో ముప్పై ఏళ్లు ఓడలకు దారి చూపి రిటైరైన సన్యాసిరాజు, భార్య వరహాలమ్మతో కలిసి క్రూయిజ్ ఓడలో పదిరోజుల విహారానికి బయలుదేరాడు. మూడోనాడు ఉదయం డెక్ మీద కూర్చున్నవాడు, ముందున్న పొగమంచులో ఒకేచోట సముద్రకాకులు గుంపుగా వాలడం గమనించాడు.

"ఓడా, ఆగు. ఎదురుగా వేటపడవ ఉంది. వలలో చేపల కోసమే పక్షులలా మూగుతాయి" అన్నాడు.

"అక్కడ ఏ పడవ సిగ్నలూ లేదండి. అనవసరంగా ఆపిస్తే మిమ్మల్ని తర్వాతి రేవులో దింపేయాల్సి వస్తుంది" అంది ఓడ మర్యాదగా.

ఆయన తటపటాయించాడు. ఈ విహారం కోసం భార్య ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆయనకు తెలుసు.

"దింపేస్తే దిగిపోదుం. మీ కన్నెప్పుడు తప్పిందేటి? ఆపించీండి" అంది వరహాలమ్మ.

రాజు లేచి, ఆపదలో ఓడను ఆపడానికి డెక్ మీద పెట్టిన ఎర్ర మీట నొక్కాడు. ఓడ వేగం తగ్గి ఆగింది. మంచులోంచి సిగ్నలిచ్చే పరికరమేదీ లేని పాత కర్రపడవ ఒకటి బయటపడింది. వల లాగుతున్న ఇద్దరు ముసలాళ్లు తలెత్తి చూసి, చేతులూపారు.

ఓడ మెల్లగా పడవను తప్పించి పక్కకు తిరిగింది. తర్వాత, "రేపట్నుంచి మీరు ముందు కూర్చుని నాకు దారి చెబుతారా?" అని అడిగింది.

వరహాలమ్మే జవాబిచ్చింది. "ఆయన సెలవులో ఉన్నారు. పొద్దున్న కాఫీ తాగినంతసేపు చూస్తారు. ఆ తర్వాత నాతోనే ఉంటారు."