నీలం గేటు

"కాస్త పక్కకు జరుగు వదినా! చక్రం కింద పడ్డావంటే నా టైరు పాడవుతుంది!"

పక్క పొలం ఆసామి పళ్ళికిలిస్తూ ట్రాక్టరును ఆ ఇంటి పెద్దావిడ పెరట్లోంచి పోనిచ్చాడు. "పోనీలే, వెళ్ళనీ" అని ఆవిడ భర్త ఎప్పుడో నోటిమాటగా ఇచ్చిన దారి అది. ఆయన పోయిన నెలకే ఆసామి హద్దురాయి జరిపాడు. పెరటి పక్కనున్న ఆవిడ అరెకరం కలిపేసుకుని, అందులో ఆవిడ బిందెలతో నీళ్ళు మోసి పెంచిన ఏడు నిమ్మచెట్లూ నరికించాడు. ఆ నేలకు కాగితాలూ పుట్టించాడు.

అతని పొలానికి మూడువైపులా వాగు. రోడ్డువైపు ఈ పెరడూ, ఆ అరెకరమూ. ఒకసారి ఆవిడ కడుపుమండి దారికి ముళ్ళకంప అడ్డం పెడితే, నవ్వుకుంటూ అరెకరంలోంచి వెళ్ళిపోయాడు.

నెల క్రితం వచ్చిన కోడలికి ఇవేమీ పట్టినట్టు లేదు. ఫ్రిజ్ కొనుక్కోమని పుట్టింటివాళ్ళిచ్చిన డబ్బుతో పాత ఇనపగేటు కొని, పెరటి దారికి బిగించి, ముక్కుకు కూడా అంటించుకుంటూ నీలం రంగు వేస్తోంది.

"పెరటికి గేటెందుకే?"

"అందానికి అత్తయ్యా!"

ట్రాక్టరు ఆగింది. "అమ్మాయ్, నా దరఖాస్తు ఏమైంది?"

"పంపేశాను బాబాయ్. మట్టి వాగులోకి కొట్టుకుపోకుండా నేలను గడ్డికి వదిలేస్తే చాలు, సర్కారు ఏటా డబ్బిస్తుంది. అరెకరం మొత్తం రాశాను."

"చదువుకున్న పిల్లంటే నువ్వే!"

అతను వెళ్ళగానే అత్తగారు కోడలి చెయ్యి పట్టి లోపలికి లాగింది. "నా చెట్లు కొట్టేసిన నేల మీద వాడికి డబ్బులిప్పిస్తావా? అసలు నువ్వు ఎవరింటి కోడలివే?"

"బాబాయ్ అడిగాడు, రాసిపెట్టాను అత్తయ్యా. కోపంలో మీ బుగ్గలు భలే ఎర్రబడతాయి!"

మర్నాడు అధికారి వచ్చి, అరెకరం కొలిచి, అందరిముందూ షరతులు చదివాడు. "పదేళ్ళు దున్నకూడదు. పశువుల్ని తోలకూడదు. బండి చక్రం పడకూడదు. జాడ కనిపించిందా, తీసుకున్నదానికి పదింతలు కట్టాలి. నెలనెలా వచ్చి చూస్తాం. అంచున కొంచెం రాయకుండా వదిలిపెట్టమంటారా?"

"వదిలితే ఆ మేరకు డబ్బు తగ్గుతుందేమో బాబాయ్," అంది కోడలు.

"గజం కూడా వదలను!" ఆసామి సంతకం గీకి, అత్తగారి వైపు తిరిగాడు. "చూశావా వదినా, నీ నిమ్మచెట్లు నరికాక కాపు మొదలెట్టాయి!"

ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. కోడలు పిలిస్తే గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటి దొంగను ఇంట్లోనే పెట్టుకున్నానని కుమిలిపోయింది. నెల తిరక్కుండా మొదటి విడత డబ్బు వచ్చిందని ఆసామి మిఠాయి పొట్లం పట్టుకొచ్చాడు. కోడలు రెండు తీసుకుని, ఒకటి నోట్లో వేసుకుని, "భలే ఉంది బాబాయ్!" అంది. అత్తగారికి ఒళ్ళు మండిపోయింది.

ఆ మర్నాడు పొద్దున, కోతకోసిన పంటంతా ఎక్కించుకుని, పొలంవైపు నుంచి ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆ మొహం చూడలేక అత్తగారు లోపలికి వెళ్ళబోయింది.

కోడలు నీలం గేటుకు తాళం వేసి, తాళంచెవి ఆవిడ కొంగున ముడివేసింది.