మల్లేశయ్య గారి రాక

చాయ్ తాగుదామని జీపు దిగిన రోడ్ల ఇంజనీరు దయాకర్, బండి మీది ఫ్లెక్సీ చూడగానే ఠక్కున ఆగిపోయాడు.

సాగర్ రోడ్డు నుంచి గల్లీలోకి తిరిగే మలుపులో సిద్దమ్మ చాయ్ బండి. దాని మీద ఎండకు అడ్డంగా కట్టిన ఫ్లెక్సీలో ఓ పెద్దాయన. తెల్ల చొక్కా, మెడలో కండువా, జోడించిన చేతులు. 'శ్రీ మల్లేశయ్య గారు' అని జానెడేసి అక్షరాలు. ఆ కింద ఇంకేముందో కనపడదు. బండికి పొడుగైందని సిద్దమ్మ అంచును లోపలికి మడిచి కట్టింది.

ఎవరీ మల్లేశయ్య? మహేశ్వరం దిక్కు లీడరా, అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కా? అడగాలంటే భయం. పెద్దమనుషులను పట్టుకుని ఎవరని అడిగిన ఇంజనీర్లు ఎక్కడెక్కడికి బదిలీ అయ్యారో దయాకర్‌కు బాగా తెలుసు.

"సారు ఎప్పుడొస్తున్నరమ్మా?" అన్నాడు, అన్నీ తెలిసినవాడిలా.

సిద్దమ్మ చాయ్ వడపోత ఆపి ఫ్లెక్సీ వైపు చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"శుక్రవారం అన్నరు సార్. ఓ దినం ముందుగాల గూడ రావచ్చు."

"ఎటు నుంచి?"

"గీ గల్లీల నుంచే. దవాఖానకు పోవాలె గద."

దవాఖాన తనిఖీ అన్నమాట. దయాకర్ గిరుక్కున రోడ్డు వైపు తిరిగాడు. సరిగ్గా మలుపు మధ్యలో బర్రె పడుకునేంత గుంత ఉంది.

ఆ గుంత గురించి సిద్దమ్మ నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగింది. కోడలు కరుణకు నెలలు నిండాయి. ఆటో అందులో పడితే కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని సిద్దమ్మకు కంటి మీద కునుకు లేదు. తిరిగినప్పుడల్లా ఎవరో వచ్చి తట్టెడు కంకర పోసి పోయేవారు. వాన పడగానే కంకర కూడా పోయేది.

ఈసారి మేస్త్రీ సైదులు కోత మిషన్‌తో దిగాడు. గుంత అంచులు నాలుగు వైపులా నిటారుగా కోశారు. నీళ్ళు తోడారు, దుమ్ము ఊడ్చారు, తడి ఆరనిచ్చారు. అడుగుకూ అంచులకూ వేడి తారు పూశారు. కంకర కలిపిన తారు ఒక పొర వేసి రోలర్ తిప్పారు. ఇంకో పొర వేసి మళ్ళీ తిప్పారు.

సైదులు కళ్ళు చెమర్చాయి. "ముప్పై ఏండ్ల సంది గుంతలు పూడుస్తున్న సార్. గిట్ల చెయ్యాల్నని నాకు తెల్వదా? ఎన్నడన్న చెయ్యనిచ్చిన్రా?"

"ఇట్ల చేస్తె మళ్ళ గుంత కాదా?"

"కాదు సార్."

దయాకర్ కాస్త దిగులుపడ్డాడు. వచ్చే ఏడాది ఏం పని రాయాలో తోచలేదు.

సిద్దమ్మ నిండు చాయ్ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "కుదుపు తగలొద్దు సార్. గిది పట్టుకొని జీపుల తిరిగి చూడున్రి."

మొదటిసారి చాయ్ ప్యాంటు మీద ఒలికింది. మళ్ళీ రోలర్ తిప్పించాడు. రెండోసారి చొక్కా మీద పడింది. మూడోసారికి చుక్క కూడా ఒలకలేదు. దయాకర్ ఆ చాయ్‌ని గర్వంగా తాగేశాడు.

గురువారం పొద్దున గల్లీలోంచి ఆటో వచ్చింది. లోపల సిద్దమ్మ, ఆమె భుజం మీద వాలి మూలుగుతున్న కరుణ. పెద్దాయన వచ్చే వేళని ఆటోను ఆపబోయిన దయాకర్, ఆ మూలుగు విని పక్కకు తప్పుకున్నాడు. ఆటో మలుపులో కుదుపు లేకుండా తిరిగి దవాఖాన వైపు పోయింది.

శుక్రవారమంతా అతను శాలువా, పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. శనివారమూ నిలబడ్డాడు. దండ వాడిపోతే కొత్తది తెప్పించాడు.

ఆదివారం సాయంత్రం ఆటో తిరిగొచ్చింది. గుడ్డలో చుట్టిన పసికందుతో సిద్దమ్మ దిగింది.

"సారు రాకనేపాయె గదమ్మా," అన్నాడు దయాకర్, ఏడుపొక్కటే తక్కువగా.

సిద్దమ్మ ఫ్లెక్సీకి ఓసారి దండం పెట్టి, పసికందు ముఖం మీది గుడ్డ తొలగించింది.

"రాకపోవుడేంది సార్, పోయినేడు సచ్చిపోయిన మా ఆయన, మొన్న గురువారమే ఆడపిల్లయి వచ్చిండు."