నెత్తిమీద టకటకలు

నాలుగేళ్ళుగా రాధారాణిది ఒకటే అనుమానం. అమెరికాలోని అరోరాలో ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పై అంతస్తులో నల్లజాతి పెద్దావిడ హేజెల్ ఒంటరిగా ఉంటుంది. తొంభై ఏడేళ్ళు. చక్రాల వాకర్ లేకుండా అడుగు వేయలేదు. మరి రోజూ పొద్దున్న ఆరింటికి, తను దీపం పెట్టి లలితా సహస్రనామం మొదలుపెట్టగానే, నెత్తిమీద ఆ టకటకలు ఎవరి కాళ్ళవి?

అనుమానం తీరలేదు గాని, అపార్ట్‌మెంట్ ఆఫీసుకి మూడు కంప్లైంట్లు మాత్రం వెళ్ళాయి. మూడోదానికి ఆఫీసువాళ్ళు ఇద్దరినీ రమ్మన్నారు. తప్పు తనదని తేలితే హేజెల్ ఇల్లు ఖాళీ చేయాలి.

ఆ రోజు ఆఫీసుకి వెళ్ళడానికి రాధారాణి లిఫ్ట్ ఎక్కేసరికి లోపల హేజెల్ ఉంది. దిగిపోదామనుకునేలోగా తలుపులు మూసుకున్నాయి. ఒక్క కుదుపు. లిఫ్ట్ ఆగిపోయింది.

రాధారాణి బటన్లన్నీ నొక్కింది. తలుపు బాదింది. స్పీకర్‌లో ఎవరో "ఇరవై నిమిషాలు" అన్నారు. ఆమెకి ఊపిరాడలేదు. రోజూ చదివే స్తోత్రంలో మొదటి నామం కూడా నోటికి రాలేదు.

"భయపడకు, హనీ," అంది హేజెల్, వాకర్‌కున్న సీటు మీద కూర్చుంటూ. "నువ్వొచ్చిన కొత్తలో కేకు పంపాను. నా గాజు పళ్ళెం ఏదీ?"

ఊపిరాడని చోట పళ్ళెం గొడవా! రాధారాణి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "బాల్కనీలో ఉంది, మిస్ హేజెల్. మాలో ఖాళీ గిన్నె తిరిగివ్వరు. ఏదైనా పెట్టిద్దామంటే... కేకులో గుడ్డుంది కదా. ఆ పళ్ళెం నా వంటింట్లోకి రాకూడదు."

"నాలుగేళ్ళ నుంచీనా?"

"నాలుగేళ్ళ నుంచీ."

హేజెల్ పకపకా నవ్వింది. "పాపం, దాన్ని కూడా బయటికి పంపేశావన్నమాట!"

రాధారాణి తల దించుకుంది. గోడలు దగ్గరికొస్తున్నట్టు అనిపించి కళ్ళు మూసుకుంది. అప్పుడు మొదలైంది టకటక. కళ్ళు తెరిస్తే, కూర్చున్నచోటే హేజెల్ బూట్లు ఆడుతున్నాయి. వాటి అడుగున ట్యాప్ డాన్సు రేకులు మెరుస్తున్నాయి. మోకాళ్ళ పైన ముసలావిడ, మోకాళ్ళ కింద ఏడేళ్ళ పిల్ల.

సీలింగ్ అడ్డం లేకుండా వింటుంటే ఆ లయ ఎక్కడో విన్నట్టుంది. రాధారాణి ఊపిరి దారిలో పడింది. "ఇది... టీవీలో వేస్తారే, ఆ పాత సినిమా! బెట్సీ లారెన్ అని చిన్నపిల్ల, తెల్ల మేజోళ్ళు వేసుకుని మెట్ల మీద పాడుతూ ఆడుతుంది!"

"చూశావా?"

"ఎన్నిసార్లో! ఆ గొంతు, ఆ అడుగులు! ఒక్క పిల్లకే రెండూ ఇచ్చాడు దేవుడు."

"గొంతు మంచిదే," అంది హేజెల్. కాళ్ళు ఆపలేదు.

"రోజూ చేయాలా ఇది?"

"నువ్వు రోజూ చదవాలా అది? నాకూ వినిపిస్తుంది. నేనెప్పుడైనా కంప్లైంట్ ఇచ్చానా?"

కాసేపటికి తలుపులు తెరుచుకున్నాయి.

ఆఫీసులో మేనేజర్ ఫైలు తెరిచాడు. "చప్పుడు ఇంకా వస్తోందా, మేడమ్?"

"వస్తోంది. రానివ్వండి," అంటూ రాధారాణి మూడు కంప్లైంట్లూ వెనక్కి తీసుకున్నట్టు సంతకం పెట్టింది.

మర్నాడు బాల్కనీలోని పళ్ళేన్ని వంటింట్లోకే తెచ్చి కడిగింది. నిండా పులిహోర పెట్టి పైకి తీసుకెళ్ళింది.

"అయితే ఖాళీగా రాలేదు!" అంది హేజెల్, రెండు చేతులా అందుకుని.

నాలుగేళ్ళ బాకీ తీరిందని తేలిగ్గా నిట్టూర్చి, రాధారాణి గోడవైపు చూసింది. పాత ఫోటో. మెట్ల మీద బెట్సీ లారెన్. పక్కనే అంతే ఎత్తున్న నల్లజాతి పిల్ల. ఇద్దరికీ అవే తెల్ల మేజోళ్ళు. కింద వంకరటింకర చిన్నపిల్ల రాత:

"నా కాళ్ళకి, ప్రేమతో, బెట్సీ."